మన మల్లెలతో, మొగలితో ఇంట్లోనే అత్తరు చేయడం కుదురుతుందా?

రాధ_రావులపాలెం
మా తమ్ముడి పెళ్ళి వచ్చే మాఘంలో. వచ్చినవాళ్ళకి స్టీలు గిన్నెలూ ప్లాస్టిక్ బుట్టలూ పంచీ పంచీ విసుగొచ్చింది. ఈసారి మన పూలతో చేసిన అత్తరు చిన్న సీసాల్లో పోసి ఇద్దామని నా పట్టుదల. సీసాకి 3 మిల్లీలీటర్లు, 200 సీసాలు. పెరట్లో బొండుమల్లె పాదులున్నాయి, పుట్టింట్లో సంపెంగ చెట్టుంది, సముద్రం వైపు చుట్టాల దొడ్లో మొగలిపొద ఉంది. సరుక్కి కొదవ లేదు.

చిక్కల్లా చేయడం దగ్గరే. మల్లెలు కొబ్బరినూనెలో వేసి ఎండలో పెడితే రెండ్రోజులు తిరక్కుండానే పైన నురగ, లోపల మురుగు వాసన. "స్వచ్ఛమైన మల్లె నూనె" అని ఆన్‌లైన్‌లో 199 రూపాయలకి ఒక సీసా తెప్పించాను. అది రాసుకుని ముందుగదిలోకి వస్తే మా ఆయన "బాత్రూమ్ కడిగావా?" అన్నారు. ఒక్క చుక్క కూడా సింథటిక్ కలపకుండా ఇంట్లో చేసే దారి ఉందా? చేసినవాళ్ళు చెప్పండి. వీడియో లింకులు వద్దు, అన్నీ చూసేశాను.

తాటిముంజె
199కి మల్లె నూనె మాట దేవుడెరుగు, పెళ్ళిళ్ళ రోజుల్లో కిలో మల్లెపూలే రావండి. ఆయ్.

కెమిస్ట్రీ_మాస్టారు
తాటిముంజె గారు సరదాకన్నా లెక్క అదే. మల్లె సువాసన కంపెనీల్లో ఎలా తీస్తారంటే, పూలను హెక్సేన్ అనే ద్రావకంలో కడుగుతారు. ద్రావకం ఎగిరిపోయాక మైనం ముద్ద ఒకటి మిగులుతుంది. దాన్ని కాంక్రీట్ అంటారు. వెయ్యి కిలోల పూలకి అది ఒకటి, మహా అయితే రెండు కిలోలు. దాన్ని మళ్ళీ ఆల్కహాల్‌తో కడిగి, చల్లబరిచి, మైనం వడకట్టేస్తే అందులో దాదాపు సగం అబ్సల్యూట్ వస్తుంది. అసలు సరుకు అదీ. తమిళనాడులో మల్లె తోటలున్న చోట ఈ ఫ్యాక్టరీలు ఉన్నాయి. మీ 199 సీసాలో ఉన్నది బెంజైల్ అసిటేట్, ఇంకో రెండు మూడు రసాయనాలు, బోలెడంత పారాఫిన్ అనే ఖనిజ నూనె అయి ఉంటుంది. బెంజైల్ అసిటేట్ అసలు మల్లెలోనూ ఉంటుంది, కానీ అదొక్కటే మల్లె కాదు.

హెక్సేన్ ఇంట్లో ప్రయత్నించకండి. 69 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరి నేలబారున పాకుతుంది, పక్కగదిలో పొయ్యి ఉన్నా అంటుకుంటుంది. ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెబుతున్నా.

ఇక నూనె ఎందుకు చెడిందంటారా? పూలలో ముప్పాతిక మించి నీరే. మూతబెట్టి ఎండలో పెడితే ఆ నీరు నూనెలోకి దిగి పూలు లోపలే కుళ్ళాయి. నూనె తప్పు లేదు.

కడియం_నర్సరీ
మాస్టారు చెప్పని ముక్క ఒకటి. పూలు ఎక్కడివి, ఎప్పుడు కోశారు? కడియపులంక మార్కెట్‌కి వచ్చే మల్లెలు తెల్లారకముందు కోసినవి, దారి పొడుగునా నీళ్ళు కొట్టినవి. దండకి బాగుంటాయి, మీ పనికి పనికిరావు. మల్లె మొగ్గగా ఉన్నప్పుడు వాసన పెద్దగా ఉండదు. సాయంత్రం విచ్చుకోవడం మొదలెట్టాకే లోపల వాసన తయారవుతుంది, తెల్లార్లూ వదులుతూనే ఉంటుంది. బాగా ముదిరి తెల్లబడ్డ మొగ్గ, రేపు విచ్చుకునేది కాదు, ఈ సాయంత్రమే విచ్చుకునేది, ఎండెక్కాక మంచు తడి ఆరాక కోయాలి. తడిగుడ్డ కప్పకూడదు. వెడల్పాటి చేటలో పల్చగా పరిచి, విచ్చుకున్నాకే నూనెలోకైనా ఇంకెందులోకైనా.

ఇంకోటి, పెళ్ళి మాఘంలో అన్నారు. మల్లె కాపు ఉధృతంగా ఉండేది ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా. చేస్తే ఇప్పుడే చేయాలి, మాఘంలో మొగ్గ దొరకదు.

రాధ_రావులపాలెం
నర్సరీ గారూ, నేను పొద్దున్నే మంచుతో సహా కోసి వేశాను. అదన్నమాట సంగతి. మరి ఆవిరి పద్ధతి? కుక్కర్ విజిల్ తీసేసి రాగి గొట్టం పెట్టి చల్లనీళ్ళలోంచి పోనిస్తే నూనె రాదా?

కెమిస్ట్రీ_మాస్టారు
నిమ్మగడ్డికి వస్తుంది. మల్లెకి రాదు. ఆ వేడికి ఉడికిన ఆకుకూర వాసన వస్తుంది, పైన తేలే నూనె కంటికి కనబడదు. మల్లెకి ఆవిరి పనికిరాదు, అంతే.

ఆవిరిబట్టి
మాస్టారూ, "పనికిరాదు, అంతే" దగ్గర నేను ఒప్పుకోను. ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్ అని ఊరుంది, అక్కడ తరతరాలుగా మల్లెని ఆవిరిలోనే పడుతున్నారు. నేను ఆ ఊళ్ళో పని నేర్చుకుందామని కొన్నాళ్ళు ఉండి వచ్చినవాణ్ణి.

పెద్ద రాగి డేగిసా ఉంటుంది, వాళ్ళు దేగ్ అంటారు. అందులో పూలు, మునిగేటన్ని నీళ్ళు. మూత పెట్టి అంచు చుట్టూ దూదీ బంకమట్టీ కలిపి మెత్తుతారు, ఆవిరి బయటికి పోకుండా. మూతలోంచి వెదురు గొట్టం, దానికి గడ్డితాడు చుట్టి ఉంటుంది. ఆ గొట్టం రెండో చివర నీళ్ళ తొట్టిలో కూర్చున్న గుండ్రటి రాగి కుండలోకి దిగుతుంది. దాన్ని భప్కా అంటారు. కిటుకంతా అందులో ఉంది. ఆ కుండ ఖాళీగా ఉండదు, గంధపు నూనె పోసి ఉంటుంది. పూల ఆవిరి వచ్చి చల్లారి ఆ గంధపు నూనెలో కలుస్తుంది. మల్లె నూనె విడిగా పైకి తేలక్కర్లేదు, గంధం పట్టేసుకుంటుంది. మర్నాడు అడుగున దిగిన నీటిని తీసి మళ్ళీ దేగ్‌లోనే పోస్తారు, కొత్త పూలు వేస్తారు. గంధం ఇక చాలన్నదాకా రోజుల తరబడి ఇదే వరస.

ధర్మామీటరు లేదు, గడియారం లేదు. మేస్త్రీ తొట్టిలో చెయ్యి పెట్టి భప్కాని తడిమి చూస్తాడు. మంట ఎక్కువైందనిపిస్తే తడిగుడ్డతో దేగ్ పొట్ట తుడుస్తాడు, ఆవిరి కాసేపు ఆగుతుంది. నన్ను ఆ గుడ్డ పట్టుకోనివ్వడానికి చాలాకాలం పట్టింది. చివరికి అత్తరుని ఒంటె తోలు తిత్తుల్లో పోసి ఉంచేవారు, మిగిలిన తడి ఆ తోలులోంచి పోతుంది.

కాబట్టి "మల్లె నూనె విడిగా రాదు" అనండి, ఒప్పుకుంటా. "ఆవిరి పనికిరాదు" అనకండి.

కెమిస్ట్రీ_మాస్టారు
సవరించుకుంటున్నా. గంధపు నూనె ఉంటే కథ వేరు. అయితే ఆ వాసన తాజా మల్లె కాదు, గంధంలో నానిన మల్లె.

ఆవిరిబట్టి
దాన్నే కదండీ అత్తరంటారు.

పులస_ప్రియుడు
ఏవండోయ్, డేగిసా, మట్టి మెత్తడం, గొట్టం, నీళ్ళ తొట్టి... మా లంకలో ఇలాంటిది పెడితే రాత్రికి రాత్రే ఎక్సైజ్ జీపు దిగుతుంది. మల్లె అత్తరు అంటే నమ్ముతారా? ఒక గ్లాసు పట్టి చూపించమంటారు.

తాటిముంజె
గ్లాసు పట్టాక అడిగినవాడు మళ్ళీ అడగడు.

యానాం_సుబ్బు
రాధ గారి లెక్క ఎవరూ వేయలేదు. 200 సీసాలు, 3 మిల్లీ చొప్పున 600 మిల్లీలీటర్లు. గంధపు నూనె ఇప్పుడు కిలో లక్ష రూపాయలు ఎప్పుడో దాటింది. అంటే పూలూ కట్టెలూ మనిషి కష్టం అన్నీ ఊరికే వచ్చాయనుకున్నా, ఉత్త గంధానికే 60 వేలు పైమాట. ఈ ధర వల్లే కన్నౌజ్‌లోనూ చాలామంది గంధం మానేసి పారాఫిన్, లేకపోతే డీఓపీ పోస్తున్నారు. ప్లాస్టిక్ మెత్తబరచడానికి వాడే నూనె అది. చవక అత్తరు కొనేవాళ్ళు ఒంటికి పూసుకుంటోంది దాన్నే.

రాధ_రావులపాలెం
60 వేలా! ఆ డబ్బుతో స్టీలు గిన్నెలు వెండి పూతతో వస్తాయి. గంధం వద్దు. ఇంకో దారి చెప్పండి.

మామ్మ_వంటిల్లు
రాధమ్మా, నూనెలో పూలు వేయడం కాదు, నువ్వుల మీద పూలు వేయాలి. మా అత్తగారి పుట్టిల్లు పాలకొల్లు, వాళ్ళింట్లో తలనూనె ఇలాగే చేసేవారు.

పొట్టు తీసిన తెల్ల నువ్వులు బాగా ఎండబెట్టుకో. నీడలో దుప్పటి పరిచి ఒక పొర నువ్వులు, ఒక పొర విచ్చుకున్న మల్లెలు, మళ్ళీ నువ్వులు, మళ్ళీ మల్లెలు. పైన పల్చటి గుడ్డ. తెల్లవారి జల్లెడ పట్టి వాడిన పూలు తీసెయ్. నువ్వుల్ని కాసేపు గాలికి ఆరనీ, లేకపోతే పూల తడికి బూజు పడతాయి. సాయంత్రం మళ్ళీ కొత్త పూలు. నువ్వుగింజ నోట్లో వేసుకుని నమిలితే మల్లె వాసన ముక్కులోకి కొట్టిందాకా ఇలా చేస్తూనే ఉండాలి. మా అత్తగారికి అదే పరీక్ష. అప్పుడు గానుగకి పంపించు. మర గానుగ వద్దు, వేడెక్కిపోతుంది. ఎద్దు గానుగ దొరికితే సరే, లేదంటే నెమ్మదిగా తిరిగే చెక్క గానుగ. నీ ముందు ఎవరు ఏం ఆడించారో చూసుకో, వేరుశెనగ వాసన అంటుకుంటే పడ్డ కష్టమంతా గోదార్లో కలుస్తుంది.

ఆవిరిబట్టి
మామ్మగారూ, దండం. కన్నౌజ్ వైపూ జౌన్‌పూర్ వైపూ చమేలీ (జాజి) నూనె అసలు పద్ధతి ఇదే. నువ్వులకి వాసన పట్టే గుణం ఎక్కువ. మల్లె కోశాక కూడా వాసన వదులుతూనే ఉంటుంది కాబట్టి నువ్వు తాపీగా పీల్చుకుంటుంది. గులాబీతో ఇలా చేస్తే అంత ఫలితం ఉండదు, కోసిన తర్వాత అది ఇచ్చేది తక్కువ.

దుబాయ్_నరసాపురం
ఫ్రాన్స్‌లో గ్రాస్ అనే ఊళ్ళో గాజు పలకల మీద కొవ్వు రాసి దాని మీద మల్లెలు పేర్చేవారట కదా, అది కొబ్బరినూనెతో చేయొచ్చుగా? కోనసీమలో కొబ్బరినూనెకి లోటా?

కెమిస్ట్రీ_మాస్టారు
కొబ్బరినూనె 24 డిగ్రీలకి కరిగిపోతుంది. మల్లెలు పూసేది ఎప్పుడు? రోహిణి కార్తె ఎండల్లో. పలక మీద పూసింది పూసినట్టే కారిపోతుంది. పుష్యమాసంలో గడ్డకడుతుంది, కానీ అప్పుడు మల్లె లేదు. ఏసీ గదిలో పెడతానంటే కుదురుతుంది, కరెంటు బిల్లు అత్తరు ఖాతాలో రాసుకోవాలి. మన వాతావరణానికి మామ్మగారి నువ్వులే సరి.

సఖినేటిపల్లి_సత్తి
మొగలి సంగతి ఎవరూ ఎత్తట్లేదు. మా వైపు అంతర్వేది దాకా తీరం పొడవునా పొదలే.

ముందుగా తెలుసుకోవాల్సింది, అన్ని పొదలకీ వాసన పువ్వు రాదు. మగచెట్టు పొత్తుకే ఆ వాసన. ఆడచెట్టుకి అనాసపండు పోలికలో కాయ వస్తుంది, దానితో మీకు పని లేదు. శ్రావణ భాద్రపదాల్లో బాగా వస్తాయి. లేత పసుపు రేకుల పొత్తు, రేకు అంచున రంపపు ముళ్ళు, నడి ఈనెకి వెనకవైపు కూడా ముళ్ళు. చెయ్యి పెడితే గుచ్చుకుంటాయి. పొడుగు కర్రకి కొడవలి కట్టి కోయాలి. తెల్లారకముందే కోయాలి, ఎండెక్కితే సగం వాసన పోతుంది.

పులస_ప్రియుడు
పాముల సంగతి చెప్పవేం సత్తీ?

సఖినేటిపల్లి_సత్తి
వాసనకి పాములొస్తాయన్నది కట్టుకథ. పొద చిక్కగా ఉంటుంది, కప్పలూ ఎలకలూ చేరతాయి, వాటికోసం పాములు చేరతాయి. ఏ కారణంతో వచ్చినా కరిచేది ఒకేలా కరుస్తుంది కాబట్టి టార్చిలైటూ బూట్లూ మరిచిపోకండి.

తాటిముంజె
పెళ్ళిలో మొగలి ఇస్తున్నారు, శైవుల ఇంట్లో మాత్రం పంచకండి. బ్రహ్మగారి తరఫున దొంగసాక్ష్యం చెప్పిన పువ్వు.

ఆవిరిబట్టి
మొగలి మీద పెద్ద వ్యాపారం మన పక్కనే ఉంది. ఒడిశాలో గంజాం జిల్లా, బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల ఊళ్ళు. మొగలిని అక్కడ కేవడా అంటారు. గంజాం కేవడాకి జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకన్న గుర్తింపు కూడా ఉంది. అక్కడ బట్టీలు ఊళ్ళలోనే పొదలకి దగ్గర్లో పెడతారు, పువ్వు కోశాక గంటల మీద పని అది. నూనె చాలా కొద్దిగా వస్తుంది. ఆవిరి చల్లారగా వచ్చిన నీళ్ళే ఎక్కువ, బిర్యానీలో మిఠాయిలో వేసే కేవ్రా వాటర్ అదే.

మన తీరంలోనూ అదే మొక్క, అదే ఉప్పుగాలి. బట్టీలే లేవు. నాకు బాధంతా అక్కడే. వాళ్ళు పువ్వుని పంటగా చూశారు, మనం కంచెగా చూశాం. చెరువులు తవ్వినప్పుడు ముందు కొట్టేసింది మొగలినే.

భీమవరం_బుల్లోడు
చెరువుల జోలికి రాకండి. రొయ్యల వల్ల బతుకుతున్నాం మేం.

ఆవిరిబట్టి
రొయ్యని ఏమీ అనలేదు బుల్లోడు గారూ, మొగలి కొట్టేశారన్నానంతే.

భీమవరం_బుల్లోడు
సరే. కన్నౌజ్‌లో తొలకరి మట్టివాసన అత్తరు చేస్తారట, కాల్చిన మట్టి బిళ్ళల్ని ఆవిరి పట్టి. మా మట్టితో చేస్తే ఏమొస్తుందంటారు?

యానాం_సుబ్బు
రొయ్యల మేత అత్తరు. ఎగుమతికి బాగుంటుంది.

దుబాయ్_నరసాపురం
ఇంకో ఐడియా. సంపెంగ పూలు వోడ్కాలో నానబెడితే? విదేశాల్లో చాలామంది ఇలాగే చేస్తున్నారు.

కెమిస్ట్రీ_మాస్టారు
మన దగ్గర అమ్మే వోడ్కాలో ఆల్కహాల్ 42.8 శాతం, మిగతాది నీరే. ఆ నీరు పూల రంగునీ జిగురునీ లాగేస్తుంది, సువాసన నూనెల్ని సరిగా పట్టుకోదు. నాలుగు రోజులకి గోధుమరంగు కషాయం తయారవుతుంది. కావలసింది 95 శాతం స్పిరిట్. అది బజార్లో ఊరికే అమ్మరు, ఎక్సైజ్ అనుమతి ఉండాలి. ఇప్పటికే ఒక జీపు వచ్చి ఉంది కదా లంకలోకి.

గట్టుమీద_గడ్డి
ఇంతసేపూ చదివాను. అందరూ పూల చుట్టూ తిరుగుతున్నారు. ఇంట్లో చేసేవాళ్ళకి పువ్వు అన్నిటికంటే కష్టమైన సరుకు. ఇచ్చేది తక్కువ, ఇచ్చే గడువూ తక్కువే. వేళ్ళు, దుంపలు, ఆకులు అలా కాదు. ఆగుతాయి, ఆవిరికి తట్టుకుంటాయి, ఒంటి మీదా నిలబడతాయి. మన డెల్టాలో కాళ్ళకింద ఉన్నది అదే.

తుంగ తీసుకోండి. కొబ్బరి తోటలో, అరటి తోటలో పీకినకొద్దీ వస్తుందని తిట్టుకుంటాం. ఆ దుంపలే సున్నిపిండిలో వేసే తుంగముస్తలు. కడిగి, వెంట్రుకల్లాంటి పీచు కాల్చేసి, నీడన ఎండబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి ఆవిరి పట్టండి. నూరు పాళ్ళకి ఒక పాలు కూడా రాదు, కానీ వచ్చిన కాస్తా తడి చెక్క, పాత పుస్తకాల బీరువా, కొంచెం మిరియం. దీని దగ్గరి చుట్టం నాగర్‌మోథా నూనె, విదేశీ సెంట్లలో ఊద్ (అగరు) వాసన కోసం కలుపుతారు. మనం మందు కొట్టి చంపే కలుపుమొక్క చుట్టాన్ని వాళ్ళు డబ్బిచ్చి కొంటున్నారు.

వట్టివేరు సరేసరి. ఒక రాత్రి నానబెట్టి, చిన్న ముక్కలు చేసి, సన్నని మంట మీద రోజంతా పట్టాలి. బరువైన నూనె, ఓపికుంటేనే వస్తుంది. మొదటి గంటలో వచ్చింది పచ్చి వాసన కొడుతుంది, భయపడి ఆపేయకండి. అసలు వాసన చివర్లో వస్తుంది.

ఇక దబ్బాకు. మజ్జిగలో వేసుకుంటామే, అదే. లేత ఆకు కాకుండా ముదురాకు చింపి కుక్కర్లో వేసి పట్టండి. మరువం, దవనం కూడా ఇలాగే. దవనం నూనెకి మంచి ధర ఉంది.

పొగడపూలు మర్చిపోయాను. ఎండినా వాసన పోని పువ్వు అదొక్కటే నాకు తెలిసి. ఆవిరి అక్కర్లేదు, ఎండబెట్టి సీసాలో నాలుగు వేయండి చాలు.

మామ్మ_వంటిల్లు
పొగడదండ బీరువాలో చీరల మధ్య పెట్టేవాళ్ళం. పట్టుచీర తీస్తే ఆ వాసన వస్తేనే పెళ్ళి వచ్చినట్టు లెక్క.

రాధ_రావులపాలెం
గడ్డి గారూ, తుంగ మాట వింటే మా నాన్న నవ్వుతారు, "అత్తరు పీకి గట్టున పారేస్తున్నానా ఇన్నాళ్ళూ" అని. కానీ తుంగా వట్టివేరూ వయసు మీదపడ్డవాళ్ళ వాసన అనిపించదూ? పెళ్ళి కదా.

గట్టుమీద_గడ్డి
ఒక్కటీ విడిగా కాదండీ, కలపాలి. దబ్బాకు ముందు పలకరించి అరగంటలో వెళ్ళిపోతుంది. మరువం కాసేపు ఉంటుంది. తుంగ, వట్టివేరు సాయంత్రం దాకా ఉంటాయి. నా పాళ్ళు: దబ్బాకు 4, మరువం 1, వట్టివేరు 3, తుంగ 2. కలిపి నెలరోజులు చీకట్లో పెట్టి అప్పుడు చూడండి, కలిపిన రోజు వాసనకీ దానికీ పోలిక ఉండదు. చుక్కల లెక్క వద్దు. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కొనుక్కుని గ్రాముల్లో రాసి పెట్టుకోండి. చుక్క సైజు నూనె నూనెకీ మారుతుంది.

యానాం_సుబ్బు
మళ్ళీ లెక్క నాదే. 600 మిల్లీకి పదో వంతు సువాసన నూనెలు చాలు, అంటే 60. మిగతా 540 వాసన లేని నూనె. గడ్డి గారి పాళ్ళలో చూస్తే వట్టివేరు నూనె 18, తుంగ 12, దబ్బాకు 24, మరువం 6. వట్టివేరుకి నూటికి అర పాలు చొప్పున వేసుకున్నా మూడున్నర, నాలుగు కిలోల ఎండు వేర్లు చాలు. ఇది మనిషి చేయగలిగిన పని.

కడియం_నర్సరీ
మిగతా 540కి ఎంసీటీ నూనె అడగండి. కొబ్బరినూనెలోంచి తీసినదే చూసి తీసుకోండి. గడ్డకట్టదు, వాసన లేదు, తొందరగా ముక్కదు. మన కొబ్బరే కాబట్టి రాధ గారి పట్టుదలకీ భంగం లేదు. మామూలు కొబ్బరినూనె పోస్తే మాఘమాసం పొద్దున్న సీసాలో గడ్డకట్టి చుట్టాలు వేలుపెట్టి కెలుకుతారు.

రాజోలు_రాణి
ఒక హెచ్చరిక. మా చెల్లెలు సహజమైనదే కదా అని నిమ్మతొక్క పిండిన నూనె మెడకి రాసుకుని ఎండలో తీర్థానికి వెళ్ళింది. మర్నాటికి రాసిన చోటల్లా కాలినట్టు ఎర్రగా, తర్వాత నల్లటి మచ్చ. నెలల తరబడి పోలేదు. చర్మం డాక్టరుగారు నిమ్మతొక్క నూనె, ఎండ రెండూ కలిస్తే ఇంతేనన్నారు. సహజం కాబట్టి ఏమీ కాదనే మాట నమ్మకండి.

కెమిస్ట్రీ_మాస్టారు
రాణి గారు చెప్పింది ముఖ్యం. నిమ్మ జాతి తొక్కల్లో బెర్గాప్టెన్ లాంటి పదార్థాలుంటాయి, చర్మం మీద ఎండ తగిలితే కాలుస్తాయి. అవి ఆవిరితో పైకి రావు. అందుకే ఆవిరిలో పట్టిన నూనెకి ఆ బెడద చాలా తక్కువ, పిండి తీసిన తొక్క నూనెకే ఎక్కువ. దబ్బాకు ఆవిరి పట్టే వాడండి. అయినా ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒకరోజు ఆగి చూడాలి. 200 మంది చుట్టాల్లో ఒకరికి దద్దుర్లు వచ్చినా మీ తమ్ముడి పెళ్ళి ఆ మాటతోనే గుర్తుండిపోతుంది.

సింథటిక్ ఒక్క చుక్క కూడా వద్దనే పంతం మీద మాత్రం నాకు పేచీ ఉంది. శుద్ధి చేసిన సింథటిక్ కొన్నిసార్లు సహజం కంటే సౌమ్యం. మల్లె వాసనే కావాలంటే...

మామ్మ_వంటిల్లు
మాస్టారూ, ఆ అమ్మాయి వద్దంది కదా. వదిలేయండి.

తాటిముంజె
మామ్మగారు బెల్లు కొట్టేశారు. క్లాసు అయిపోయింది.

సాన_రాయి
ఈ పాళ్ళ గొడవ మనవాళ్ళకి కొత్త కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి, అంటే సుగంధాలు కలిపే విద్యకి, ఒక అధ్యాయమే రాశాడు. 16 సుగంధ ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఎంచుకుంటే 1820 రకాలుగా కలపొచ్చని లెక్క కట్టాడు. పాళ్ళు మారిస్తే ఇంకా ఎన్నో. సుబ్బు గారి పూర్వీకుడన్నమాట.

యానాం_సుబ్బు
మా ఇంటిపేరు వరాహం కాదు గానీ లెక్క సరిపోయింది, కాలిక్యులేటర్‌లో చూశా.

రాజోలు_రాణి
రాధ గారు ఇది బాగా కుదిరితే అమ్మొచ్చా? నాకూ ఒక ఆలోచన ఉంది.

కెమిస్ట్రీ_మాస్టారు
పెళ్ళిలో ఊరికే ఇవ్వడం వేరు. అమ్మాలంటే సెంటు కూడా చట్టం లెక్కలో కాస్మెటిక్కే. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి లైసెన్సు, సీసా మీద లేబులు, బ్యాచ్ నంబరు అన్నీ ఉండాలి. అది తెలుసుకున్నాకే దిగండి.

రాధ_రావులపాలెం
సరే, ఒక నిర్ణయానికి వచ్చాను. మల్లె, మామ్మగారి పద్ధతిలో నువ్వులకి. అది తలనూనె, దగ్గరి చుట్టాల ఆడవాళ్ళకే. 200 సీసాల్లోకి గడ్డి గారి కలగలుపు, సీసాకి ఒక ఎండు పొగడపువ్వు. మొగలి ఈసారికి వదిలేశాను, మా ఆయన పొద వైపు పోనన్నారు.

రెండు సందేహాలు. కుక్కర్లో రోజంతా వట్టివేరు పట్టాలంటే అడుగంటదా? రాగి పాత్ర ఎక్కడ చేయించుకోవాలి?

ఆవిరిబట్టి
అడుగంటుతుంది, అందుకే వేర్లు నీళ్ళలో మునగకూడదు. అడుగున నీళ్ళు, మధ్యలో చిల్లుల పళ్ళెం, దాని మీద వేర్లు. నీళ్ళు తగ్గితే మంట ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడే మూత తీసి వేడినీళ్ళు పోయండి. గొట్టంలో చెత్త అడ్డుపడితే కుక్కర్ బాంబే, కాబట్టి గొట్టం లావుగా ఉండాలి, సేఫ్టీ వాల్వు తీయకూడదు. రాగి పనికి అజ్జరం వెళ్ళండి. ఇత్తడి సామాను చేసే ఊరే అయినా కొలత బొమ్మ గీసి ఇస్తే రాగిలోనూ చేసేవాళ్ళు దొరుకుతారు. లోపల కళాయి వేయించొద్దని ముందే చెప్పండి, వాళ్ళు అలవాటుగా వేసేస్తారు.

రాధ_రావులపాలెం
తుంగ దుంపలు ఎండినవి రెండు కిలోలు కావాలి. మా తోటలో మొన్ననే మందు కొట్టించారు.

గట్టుమీద_గడ్డి
మందు కొట్టిన చోటివి అసలు వాడకండి.

కడియం_నర్సరీ
మా షెడ్డు వెనక అరెకరం నిండా తుంగే, మందు కొట్టలేదు. పార తెచ్చుకుని పీక్కుపోండి, డబ్బులేం వద్దు.

పులస_ప్రియుడు
నర్సరీ గారు కలుపు కూలి మిగుల్చుకున్నారు, చూశారా?

కడియం_నర్సరీ
టీ కూడా ఇస్తానండీ.